పీసా నిటారుగా, ఈఫిల్ ఒరిగి: అమలాపురం ఎగ్జిబిషన్‌కి నా మార్కులు

అమలాపురంలో ఈ వేసవికి వేసిన ఎగ్జిబిషన్‌కి రెండుసార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి మా మనవరాలి కోసం. రెండోసారి కూడా దాని కోసమేనని ఇంట్లో చెప్పాను గానీ, వెళ్లింది నా సరదా కొద్దీ. "ప్రపంచ వింతలు మీ ముంగిట్లో" అని ఆటోకి మైకు కట్టి మా ఊరి రావిచెట్టు దాకా వచ్చి అరిచి వెళ్లారు. టికెట్టు మనిషికి 80 రూపాయలు. మూడేళ్లు దాటిన పిల్లలకీ అంతే. బండి పెట్టుకోవడానికి ఇంకో 20. నేను, మా ఆవిడ, మా అమ్మాయి, మనవరాలు, నలుగురికీ గేటు దగ్గరే 340 వదిలింది.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ ఎందుకిలా ఉందో మీకు అర్థం కాదు. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ముప్పై మూడేళ్లు కాలువ గట్లు, తూములు, లాకులు, గట్లకి రాయి పరిచే రివిట్‌మెంట్లు. ఏ కట్టడం చూసినా నా కన్ను పైకి పోదు, కిందికి పోతుంది. పెళ్లికి వెళ్లినా కల్యాణ మండపం పునాది దగ్గర బీటలు చూస్తానని మా ఆవిడ దెప్పుతూ ఉంటుంది. మాది పి.గన్నవరం దగ్గర పల్లె. మా నేలలో మూడడుగులు తవ్వితే నీరు, ఇంకాస్త తవ్వితే ఇసుక. ఇక్కడ ఎవడైనా ఇల్లు కడుతున్నాడంటే గోడల సంగతి తర్వాత, ముందు "కింద ఏం పడింది?" అని అడుగుతాం.

లోపలికి వెళ్లగానే ఏడు కట్టడాలు అర్ధచంద్రాకారంలో నిలబెట్టారు. ఈఫిల్ టవర్, ఇటలీలో ఒరిగి ఉండే పీసా గోపురం, తాజ్ మహల్, లండన్ బ్రిడ్జి, లిబర్టీ విగ్రహం, బుర్జ్ ఖలీఫా, చార్మినార్. సర్వీ బాదులతో చట్రం, దాని మీద ప్లైవుడ్డు, ఆపైన గుడ్డో ఫ్లెక్సో సాగదీసి మేకులు కొట్టి రంగు వేశారు. లిబర్టీ విగ్రహం ఒక్కటే ఫైబర్. ఈఫిల్ అన్నిటికన్నా పొడుగు, నా అంచనాలో అరవై అడుగులు. రాత్రి లైట్లు వేశాక దూరం నుంచి చూస్తే నిజంగా బావున్నాయి. ఆ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను. ఏడున్నరకి ముందు మాత్రం వెళ్లకండి. పగటి వెలుతురులో మేకులు కనిపిస్తాయి, తాజ్ మహల్ వెనకాల ఆరేసిన లుంగీలూ కనిపిస్తాయి.

ప్రతి కట్టడం ముందూ ఒక బోర్డు ఉంది. తెలుగులో రాశారు, సంతోషం. రాసినాయన ఒకసారి సరిచూసుకుని ఉంటే ఇంకా సంతోషించేవాణ్ణి. ఈఫిల్ టవర్ బోర్డు మీద "ఎత్తు 330 అడుగులు" అని ఉంది. మీటర్లని అడుగులు చేసేశారు. మా మనవరాలు ఐదో తరగతికి వచ్చింది, బోర్డులు వదలకుండా చదువుతుంది. "తాతయ్యా, యానాం టవరు కూడా ఇంతేగా?" అంది. దాని తప్పేం లేదు. యానాంలో ఈఫిల్‌ని చూసి కట్టుకున్న టవరు వంద మీటర్లు, అంటే 330 అడుగులు. ఈ బోర్డు లెక్క ప్రకారం పారిస్‌దీ యానాందీ ఒకటే ఎత్తు! 1954 దాకా యానాన్ని ఏలిన ఫ్రెంచివాళ్లు వింటే ఏమనుకుంటారో. అసలుది 330 మీటర్లు, వెయ్యి అడుగుల పైమాట. మనవరాలికి అర్థమయ్యేలా చెప్పాలని పాలకొల్లు క్షీరారామం గోపురంతో పోల్చాను. ఆ గోపురం 120 అడుగులు, తొమ్మిది అంతస్తులు. అలాంటివి తొమ్మిది ఒకదాని మీద ఒకటి పెడితే ఈఫిల్ అవుతుంది. "తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి అంతస్తులు" అని అది వెంటనే ఎక్కం అప్పజెప్పింది.

ఆ బోర్డు మీద రాయాల్సిన అసలు ముక్క ఇంకోటుంది, అదీ రాయలేదు. ఈఫిల్ టవర్ని కట్టిందే ఎగ్జిబిషన్ కోసం. 1889లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. దానికి గేటులా ఉండాలని 1887లో మొదలుపెట్టి రెండేళ్లలో లేపారు. ఇరవై ఏళ్లు ఉంచి తర్వాత విప్పేయాలన్నది ఒప్పందం. ఈలోగా వైర్‌లెస్ వచ్చింది, పొడుగాటి స్తంభం అవసరం పడింది, టవరు బతికిపోయింది. లిబర్టీ విగ్రహం కథ కూడా ఇలాంటిదే. విగ్రహం పూర్తికాకముందే దివిటీ పట్టుకున్న చెయ్యి ఒక్కదాన్ని 1876లో అమెరికాలో ఫిలడెల్ఫియా ఎగ్జిబిషన్లో నిలబెట్టారు. జనం డబ్బులిచ్చి ఆ చేతిలోకి ఎక్కి చూశారు. తలకాయని 1878లో పారిస్ ఎగ్జిబిషన్లో పెట్టారు. అంటే మన అమలాపురంలో బాదులు కట్టినవాళ్లు చేసే వ్యాపారానికి చాలా పెద్ద వంశమే ఉంది. ఆ సంగతి వాళ్లకే తెలీదు. తెలిస్తే టికెట్టు వంద చేసేవాళ్లేమో, పోన్లెండి.

ఇప్పుడు పీసా దగ్గరికి వద్దాం. అది నిటారుగా నిలబడి ఉంది.

ముందు నా కళ్లజోడు మీద అనుమానమొచ్చింది. మనవరాలి జడ రిబ్బను తీసుకుని కొసకి బండి తాళంచెవి కట్టి, తూకంగుండులా పట్టుకుని చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. "ఏవండీ, టికెట్టు కొన్నది చూడ్డానికా, ఎం-బుక్ రాయడానికా?" అంది మా ఆవిడ. ఎం-బుక్ అంటే మా ఆఫీసులో పని కొలతలు రాసే పుస్తకం. అక్కడ కాపలా ఉన్న కుర్రాణ్ణి అడిగాను. "కిందటి ఊళ్లో వంకరగానే కట్టాం బాబాయ్. పడిపోతోందని జనం దగ్గరికే రాలేదు. అందుకని ఇక్కడ తిన్నగా పెట్టేశాం" అన్నాడు. జవాబులో న్యాయం ఉంది. కానీ ఒరగని పీసాకి 80 రూపాయలు ఎందుకివ్వాలి, పంచాయతీ వాటర్ ట్యాంకు ఊరికే చూస్తాంగా.

నాకు ఈ ఏడింట్లోకీ పీసా అంటే ఎక్కువ ఇష్టం, అందుకే అంత ఉక్రోషం. అది మన నేలలాంటి నేల మీద కట్టిన కట్టడం. 1173లో మొదలుపెట్టారు. 56 మీటర్ల గోపురానికి మూడు మీటర్ల పునాది, కింద మెత్తటి మట్టి. మూడో అంతస్తుకి వచ్చేసరికి ఒకపక్క దిగింది. అంతలో యుద్ధాలొచ్చి పని వందేళ్ల దాకా ఆగిపోయింది. ఆ ఆగడమే దాన్ని కాపాడింది. బరువు పడ్డ నేల ఆ వందేళ్లలో నెమ్మదిగా బిగుసుకుంది. ఆగకుండా కట్టుకుపోయి ఉంటే అప్పుడే కూలేదంటారు ఇంజనీర్లు. నా సర్వీసులో ఆగిపోయిన పనులు చాలా చూశాను. ఆగినందువల్ల మేలు జరిగిన పని మాత్రం ఇదొక్కటే విన్నాను.

తర్వాత వచ్చినవాళ్లు పై అంతస్తులు కట్టుకుంటూ పోయి 1370ల్లో ముగించారు. అది ఒరుగుతూనే ఉంది. 1990కి ఒరుగు అయిదున్నర డిగ్రీలకి వచ్చి, ఇక లోపలికి ఎవర్నీ రానివ్వకుండా మూసేశారు. ముందు ఎత్తుగా ఉన్న ఉత్తరం వైపు సీసం దిమ్మలు పేర్చి బరువు పెట్టారు. చివరికి చేసింది ఏమిటో తెలుసా? ఎత్తుగా ఉన్న వైపు పునాది కింద నుంచి మట్టి కొంచెం కొంచెంగా తీశారు. గోపురం తన బరువుతో తానే వెనక్కి వాలి, పైన కొస దగ్గర 45 సెంటీమీటర్లు సర్దుకుంది. 2001లో మళ్లీ తెరిచారు.

ఇది చదివిన రోజు నేను కుర్చీలోంచి లేచాను. మా వైపు నూతికి వరలు, అంటే గుండ్రటి రింగులు, దింపడం చూసినవాళ్లకి ఎందుకో అర్థమవుతుంది. వరని నేల మీద పెట్టి, లోపల మనిషి కూచుని మట్టి తోడుతుంటే అది తన బరువుకి తానే దిగుతూ పోతుంది. ఇసుక పొర తగిలినప్పుడు ఒక్కోసారి ఒకపక్క జారి వర ఒరుగుతుంది. కొత్తవాడైతే జారిన పక్కన గునపం పెట్టి లేపాలని చూస్తాడు. చెయ్యి తిరిగినవాడు ఆ జోలికే పోడు. ఎత్తుగా ఉన్న పక్క కింద ఇంకో రెండు తట్టల మట్టి తీసి పైకొచ్చి బీడీ ముట్టిస్తాడు. బీడీ అయ్యేలోపు వర మట్టానికి వస్తుంది. పీసాలో మొత్తం తీసింది 38 ఘనపు మీటర్లు. వంద ఘనపుటడుగులు ఒక యూనిట్ అనుకునే మన లెక్కలో పదమూడు యూనిట్ల చిల్లర, ట్రాక్టర్లతో ఒక పూట తోలకం. ఆ కాస్త మట్టి ఎక్కడ తీయాలో, ఎంత తీయాలో తేల్చుకోడానికి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లూ ఆగినందుకు వాళ్లని మెచ్చుకోవాలి.

ఈ గొడవంతా రివ్యూలో ఎందుకంటే, ఎగ్జిబిషన్ వాళ్లు ఒక చిన్న గాజు తొట్టెలో ఇసుక పోసి, దానిమీద ఒక సీసా నిలబెట్టి, ఒకపక్క ఇసుక తీసి చూపించినా పిల్లలు అక్కడి నుంచి కదిలేవాళ్లు కాదు. రెండొందల రూపాయల ఖర్చు.

మెచ్చుకోవాల్సింది ఒకటుంది. లండన్ బ్రిడ్జి. దాని పేరు అది కాదు, తర్వాత చెబుతాను. వీళ్ల దగ్గరున్న బ్రిడ్జి మధ్యలో రెండుగా విడిపోయి పైకి లేస్తుంది. పావుగంటకి ఒకసారి గంట కొడతారు, మోటారు తిరుగుతుంది, రెండు పలకలూ గజేంద్రుడు తొండం ఎత్తినట్టు లేస్తాయి. కింద పాలిథిన్ షీటు పరిచి నీళ్లు నింపిన మడుగులో ఒక చెక్క ఓడ తాడు మీద వెళ్తుంది. జనం ఈలలు వేశారు. నేనూ వేసేవాణ్ణే గానీ కట్టుడు పళ్లు. మనవరాలు నాలుగుసార్లు గంట కొట్టేదాకా అక్కడే నిలబడింది. రెండు పలకలూ ఒకే వేగంతో లేవడం, దిగాక సందు లేకుండా కలవడం, అది మామూలు పనితనం కాదు. లాకు తలుపులు మట్టంగా మూసుకోక నీళ్లు కారిపోతుంటే సంచులు కుక్కించిన రోజులు నాకు గుర్తున్నాయి.

ఇక పేరు సంగతి. అలా లేచేది టవర్ బ్రిడ్జి. 1886లో మొదలై 1894లో తెరిచారు. చూస్తే పాతకాలం రాతి కోటలా ఉంటుంది గానీ లోపలంతా ఉక్కు, రాయి పైతొడుగు మాత్రమే. థేమ్స్ నది అడుగున రెండు పెద్ద దిమ్మలు దింపి, వాటిలో డెబ్బై వేల టన్నుల పైచిలుకు కాంక్రీటు పోశారు. మొదట్లో ఆవిరి యంత్రాల బలంతో లేచేది, 1976 నుంచి కరెంటు. ఇప్పటికీ ఏడాదికి ఎనిమిది వందల సార్ల దాకా లేస్తుంది. ఓడ వస్తోందంటే రోడ్డు మీద కార్లు ఆగాల్సిందే. నీటి మీద వచ్చేవాడికే ముందు దారి. మా చిన్నప్పుడు కాలువల మీద ధాన్యం పడవలు తిరిగేటప్పుడు లాకుల దగ్గర ఉండే మర్యాదే అది.

లండన్ బ్రిడ్జి వేరు. దాన్ని 1831లో రాతితో కట్టారు. అది నేలలోకి దిగబడటం మొదలుపెట్టింది, ఎనిమిదేళ్లకి ఒక అంగుళం చొప్పున. ఒకపక్క ఎక్కువ, ఒకపక్క తక్కువ. బాగుచేయలేక 1968లో ఒక అమెరికా వ్యాపారికి అమ్మేశారు. ఆయన ప్రతి రాయికీ అంకె వేయించి ఓడల్లో తీసుకెళ్లి, అరిజోనా ఎడారిలో లేక్ హవాసు సిటీ అనే ఊళ్లో 1971కి మళ్లీ నిలబెట్టాడు. మా ఇళ్లల్లో పాత మండువా లోగిలి కూలగొట్టినప్పుడు టేకు స్తంభాలు కొనుక్కుపోయి రిసార్టులకి పెట్టుకున్నట్టే. కాకపోతే అక్కడ ఆయన లోపల కొత్తగా కాంక్రీటు వంతెన కట్టి, పాత రాయిని దానికి తొడిగాడు. ఇదంతా బోర్డు మీద పట్టదు, సరే. కనీసం పేరు మార్చొచ్చు. కౌంటర్లో చెప్పాను. "అందరూ లండన్ బ్రిడ్జి అనే అంటారు సార్" అన్నాడాయన. అంటారు, నిజమే.

తాజ్ మహల్ థర్మాకోల్. మినార్లు నాలుగూ తిన్నగా పెట్టారు, అసలువి కాస్త బయటికి వాలి ఉంటాయి. యమున ఒడ్డున మెత్తటి నేలలో బావులు దింపి, రాయీ సున్నమూ కూరి, వాటి మీద పునాది నిలిపారు. 1632లో, ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన మన కాటన్ దొరకి రెండు వందల ఏళ్ల ముందే ఆ పని మొదలైంది. చార్మినార్ బావుంది, ఫొటోకి అదే బెస్టు. బుర్జ్ ఖలీఫా మాత్రం దండగ. ఒక పొడుగాటి ఫ్లెక్సీకి లైట్లు చుట్టారు. మా అల్లుడు దుబాయ్‌లోనే పని చేస్తాడు. వీడియో కాల్లో చూపిస్తే, "మామయ్యా, ఇది మా క్యాంపు పక్కనున్న సెల్ టవరులా ఉందండి" అని నవ్వాడు. అసలుది 828 మీటర్లు. దాని కింద నేలలోకి యాభై మీటర్ల లోతున 192 పైల్స్, అంటే కాంక్రీటు స్తంభాలు, దించారు. అది వినగానే నాకు దాని మీద గౌరవం పెరిగింది. పైన ఎంత లేపారో పేపర్లవాళ్లు రాస్తారు, కింద ఎంత దింపారో మనమే వెతుక్కోవాలి.

తినే సంగతులు. ఢిల్లీ అప్పడం 60, మా ఆవిడ మొహం కన్నా పెద్దది, కరకరలాడింది. దానిమీద చల్లిన మసాలాలో ఉప్పు ఎక్కువ. మిర్చి బజ్జీ నాలుగు 40, వేడిగా ఇస్తే బావుంటాయి, అడిగి మరీ వేయించుకోండి. ఆత్రేయపురం పూతరేకులు అని బోర్డు పెట్టిన కొట్లో కొన్నవి నోట్లో పెడితే నెయ్యి జాడ లేదు. ఆత్రేయపురం ఎంతో దూరం లేదు, ఆదివారం బండేసుకుని అక్కడికే వెళ్లి తెచ్చుకోండి. జెయింట్ వీల్ 80, నేను ఎక్కలేదు. దాని కాళ్ల కింద పెట్టిన చెక్క దిమ్మలు చూశాక మా వాళ్లనీ ఎక్కనివ్వలేదు. అందుకు ఇంటికెళ్లేదాకా ఇద్దరు నాతో మాట్లాడలేదు.

మూడు రోజులకి గాలివాన కొట్టింది. రోహిణి కార్తెలో మా వైపు మామూలే. సాయంత్రం నాలుగింటికి ఆకాశం కారునలుపు అయ్యి, అరగంటలో కొబ్బరి మట్టలు రోడ్డు నిండా పరిచి వెళ్లిపోయింది. రాత్రంతా నాకు ఆ ఈఫిల్ టవరే మెదిలింది. మొదటిరోజే దాని కాళ్ల దగ్గర వంగి చూశాను. మర్నాడు మనవరాలిని బండెక్కించుకుని వెళ్లాను. మళ్లీ 180 రూపాయలు.

అనుకున్నంతా అయింది. పీసా చెక్కుచెదరలేదు, ఈఫిల్ ఒరిగింది. తూర్పు పక్క కాలు అడుగు లోతు దిగి, కొస పీసా వైపు వాలి, ఏదో రహస్యం చెబుతున్నట్టు ఉంది. మనవరాలు చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం కడుపులో టెన్షన్. దాని కింద నుంచి పిల్లలు పరిగెడుతున్నారు. చుట్టూ ఒక తాడు కూడా కట్టలేదు. నా ఫిర్యాదుల్లో ఇది ఒక్కటే నిజంగా పెద్దది. మిగతావన్నీ ముసలాడి చాదస్తం అనుకోండి, ఇది కాదు.

మొన్నటి కుర్రాడే కనిపించాడు. "ఎంత లోతు పాతారు?" అని అడిగాను. "అడుగున్నర బాబాయ్." "కింద ఏం పడింది?" వాడికి అర్థం కాలేదు. గునపం తెమ్మని ఒక పోటు పొడిచి చూపించాను. అంతా పోసిన మట్టి, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్కలు. వాన నీళ్లు దిగగానే పేలాల బస్తాలా కుంగింది. రెండు కొబ్బరి దుంగలు నాలుగడుగుల లోతున అడ్డంగా పాతి, వాటికి స్టే వైరు కట్టి బిగించమని చెప్పాను. ఆఫీసు గుడారంలోకి వెళ్లి పెద్దాయనతోనూ చెప్పాను. మొదట విసుక్కున్నా, రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్ని అనేసరికి కుర్చీ వేశాడు. అరగంటలో చుట్టూ బాదులు కట్టి జనాన్ని ఆపేశారు. చీకటి పడేలోపు ఒక దుంగ పాతడం నా కళ్లతో చూశాను. అడిగితే వినే మనుషులు, అది రాయకపోతే పాపం.

ఆ పని జరుగుతున్నంతసేపూ ఆ కుర్రాడికి అసలు ఈఫిల్ కథ చెప్పాను. దానికీ ఇదే చిక్కు వచ్చింది. నాలుగు కాళ్లలో రెండు సీన్ నది వైపు పడ్డాయి, అక్కడ నేలలో నీరు. ఇనప పెట్టెలు నేలలోకి దింపి, నీరు రాకుండా వాటిలోకి గాలి కూరి, ఆ గాలిలో మనుషులు కూచుని తవ్వారు. తర్వాత కాళ్లు లేచి మొదటి అంతస్తు దగ్గర కలవాలి. పద్దెనిమిది వేల ముక్కలు, ఇరవై అయిదు లక్షల రివిట్లు కొట్టాల్సిన పని, అక్కడ చిల్లు కాస్త తప్పినా పైకి పోదు. అందుకని కాళ్లకి దన్నుగా ఇసుక పెట్టెలు పెట్టారు. కాలు కొంచెం దిగాలంటే పెట్టెలోంచి కాస్త ఇసుక వదిలేవారు, పైకి లేవాలంటే హైడ్రాలిక్ జాకీలు. "ఇసుకతోనా?" అన్నాడు వాడు. ఇసుకతోనేరా అబ్బాయ్. ఎనిమిది వందల ఏళ్ల కిందట, 1213లో మన రామప్ప గుడి కట్టినవాళ్లు పునాది గోతిలో ఇసుక నింపి దాని మీదే అంత రాతిగుడి నిలబెట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట ఉన్నదీ ఇసుక మీదే. అడుగు తెలియని ఇసుకలో పునాది ఎలా వేయాలో కావేరి మీద చోళులు కట్టిన కల్లణై ఆనకట్ట చూసి నేర్చుకున్నామని కాటన్ తన రాతల్లోనే ఒప్పుకున్నాడు. కదలకుండా కట్టి ఉంచితే ఇసుకంత నమ్మకస్థుడు లేడు. జారనిచ్చామా, ఇదిగో, నీ టవరు. వాడు నవ్వి, "మీరు మాతో తిరగండి బాబాయ్, వచ్చే నెల తాడేపల్లిగూడెం" అన్నాడు.

మార్కులు వేయాలంటే అయిదుకి మూడు. అందులో ఒకటిన్నర ఆ లేచే వంతెన ఒక్కదానికే. లైట్లకి ఒకటి, చెప్పగానే కదిలినందుకు అర. బోర్డులకి సున్నా. పునాదులు చూపించనందుకు మార్కులు తీసేయలేదు, ఎందుకంటే అది ఎవరూ అడగరని నాకూ తెలుసు. పిల్లల్ని తీసుకెళ్లండి, వాన పడ్డ మర్నాడు మాత్రం వద్దు. చిల్లర పట్టుకెళ్లండి, ఫోన్‌పే సిగ్నల్ అందడం లేదు. ఆడవాళ్లకి టాయిలెట్ గేటు బయట ఎడంపక్కన ఉంది, చెప్పేవాళ్లు లేక మా అమ్మాయి మొత్తం తిరిగింది. బడులు తెరిచే ముందు ఆదివారంతో ఆఖరు.

తిరిగి వచ్చేటప్పుడు మనవరాలు, "మనూళ్లో వింత లేదా తాతయ్యా?" అని అడిగింది. పి.గన్నవరంలో బండి ఆపి గోదావరి పాయ వైనతేయ గట్టు మీదికి తీసుకెళ్లాను. పాత అక్విడెక్టు కొత్తదాని పక్కనే ఉంది. 1850ల్లో ఇటుకా రాయీ సున్నంతో కట్టారు. నది మీదుగా కాలువ నీళ్లని అవతలి లంకల పొలాలకి మోసింది. 2000లో కొత్తది వచ్చి, అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టేదాకా ఆ చాకిరీ చేసింది. "దానికి ఎన్ని ఖానాలున్నాయో లెక్కపెట్టు, నలభై తొమ్మిది రావాలి" అన్నాను. వేలు చాపి ఒక్కో కమానూ లెక్కపెడుతూ ముప్పై ఒకటి దాకా వచ్చింది. ఇంతలో కింద నుంచి చేపల నావ ఒకటి బయటికి వచ్చింది. "గంట కొట్టలేదేంటి?" అంది. నావ దాటేదాకా చూసి, లెక్క మర్చిపోయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.